భోక్తగారి బరువు

బరువు చూసే యంత్రం మీద అంకెలు రెండుసార్లు ఆరి వెలిగి, నూట మూడు పాయింటు నాలుగు దగ్గర నిలబడ్డాయి. వేంకటాచలం కండువా తీసి నర్సు చేతికిచ్చి మళ్ళీ ఎక్కాడు. అంకెలు కదల్లేదు. యాభై ఏడేళ్ళ మనిషి, ఏలూరులో పేరున్న వైదికుడు, కండువా బరువు మీద ఆశ పెట్టుకున్నాడంటే లోపల ఎంత బెదిరాడో తెలుస్తూనే ఉంది.

సర్జను ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి, బొడ్డు పక్కన వేళ్ళు ఆనించి దగ్గమన్నాడు. దగ్గితే నిమ్మకాయంత గడ్డ పైకి లేచింది. బొటనవేలితో మెల్లగా నొక్కితే గుడగుడమంటూ లోపలికి పోయింది.

“హెర్నియా అండీ ఇది. పొట్ట గోడకి చిల్లు పడి, అందులోంచి పేగు పైకొస్తోంది. ఇవాళ నొక్కితే వెళ్తోంది. ఏదో ఒకరోజు వెళ్ళదు. అక్కడ ఇరుక్కుంటే పేగుకి రక్తం ఆగిపోతుంది. ఇక గంటల్లో పని.”

“అయితే ఆపరేషను చేసెయ్యండి మరి.”

“ఈ ఒంటి మీద చేస్తే కుట్లు నిలవవండీ. మత్తుకీ ప్రమాదం. రెండు నెలల్లో పది కిలోలు తగ్గి రండి. పస్తులు మాత్రం ఉండకండి, పస్తున్నవాడు తరవాత రెండింతలు తింటాడు. కడుపు నిండేవి తినండి, ఒళ్ళు నిండేవి కాదు. మొలకలు, ఉడికించిన శనగలు, దోసకాయ, మజ్జిగ. ముందు వాటితో నింపేస్తే అన్నానికి చోటుండదు. ఒక్క పూటే పొట్ట పగిలేలా తినడం మాత్రం పూర్తిగా మానాలి. ఇంతకీ మీరేం చేస్తుంటారు?”

వేంకటాచలం లేచి కూర్చుని జంధ్యం సర్దుకున్నాడు. ఆయన చేసే పనే ఒక్క పూట పొట్ట పగిలేలా తినడం. తద్దినాలకి భోక్తగా వెళతాడు. పోయినవాళ్ళ స్థానంలో పీట మీద కూర్చుని వాళ్ళకి బదులుగా భోంచేస్తాడు. ఆయన తృప్తి పడితే పైనున్నవాళ్ళు తృప్తి పడినట్టు లెక్క. ఇదంతా ఆ కుర్ర సర్జనుకి ఎక్కణ్ణించి మొదలుపెట్టి చెప్పాలో తెలియక, “వైదికమండీ” అని ఊరుకున్నాడు.

మూడో రోజు నుంచి మహాలయ పక్షాలు. పదిహేను రోజులూ ఇంటింటా పెద్దలకి పెట్టుకునే రోజులు. భోక్తలు ఏలూరు మొత్తానికి నలుగురు మిగిలారు. అందులో ఒకాయనకి పక్షవాతం, ఇంకొకాయన కూతురి పురిటికని హైదరాబాదు వెళ్ళి కూర్చున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అనుకుంటూ వేంకటాచలం ఆసుపత్రి మెట్లు దిగాడు. దిగుతున్నంతసేపూ అరచెయ్యి బొడ్డు మీదే ఉంది.

కూతురు ప్రసూన ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియను. తండ్రి చెప్పింది విని ఊరుకునే పిల్ల కాదు. ఆ సాయంత్రమే పెసలు నానబోసి తడిగుడ్డలో మూటకట్టింది. శనగలు ఉడికించి ఉప్పూ నిమ్మరసం కలిపింది. రాత్రి కంచంలో దోసకాయ చక్రాలు, మొలకలు, గరిటెడు తోటకూర వేసి, చివర్న పిడికెడు అన్నం పెట్టింది. తల్లి సుబ్బలక్ష్మి గుమ్మానికి ఆనుకుని ఆ కంచాన్నే చూస్తూ నిలబడింది.

“గేదెకి కుడితి పెట్టినట్టుందే. ఆయన జన్మలో ఎప్పుడైనా గడ్డి తిన్నారా?”

“గేదె కడుపు నిండుతోంది కదమ్మా. నాన్నగారికీ అదే కావాలి.”

ఆశ్చర్యమేమిటంటే, నిండింది. పచ్చి దోసకాయ కరకర నమిలి, శనగలు ఒక్కొక్కటే తిని, రెండు గ్లాసుల పల్చటి మజ్జిగ తాగేసరికి వేంకటాచలానికి అన్నం మీద చెయ్యి పోలేదు. రెండో రోజు యంత్రం ఎక్కితే ఎనిమిది వందల గ్రాములు తగ్గాడు. ఆ రాత్రి బొడ్డు దగ్గర గడ్డ లేవలేదు. ఇంత సులువైన పనికా ఇంత బెదిరాను అనుకున్నాడు.

“రేపు మండవల్లి వెళ్ళేముందు కూడా ఇవే తినేసి వెళ్ళండి నాన్నగారూ,” అంది ప్రసూన. “ఖాళీ కడుపుతో గారెల ముందు కూర్చుంటే మీ చెయ్యి మీ మాట వినదు. ముందే నింపుకుంటే నాలుగు మెతుకులు కతికి లేవొచ్చు.”

వేంకటాచలం కూతురి వైపు వింతగా చూశాడు. “భోక్త ఆకలితో వెళ్ళాలమ్మా. ముందురోజు రాత్రి అన్నం ముట్టకూడదు, పొద్దున్న పచ్చిమంచినీళ్ళే. ముప్పై ఏళ్ళుగా ఒక్క పలుకు నోట్లో వేసుకుని పీట ఎక్కలేదు నేను. అక్కడ నా ఆకలి నాది కాదు, ఆ పోయినాయనది.”

“ఆ పోయినాయనకి హెర్నియా లేదుగా,” అంది ప్రసూన.

సుబ్బలక్ష్మి కూతుర్ని కసిరింది గానీ, ఆ మాట ఇంట్లోంచి ఎక్కడికీ పోలేదు.

మండవల్లి బస్సు కిటికీలోంచి రెండు వైపులా చేపల చెరువులే. నీళ్ళ మీద తిరిగే చక్రాలు, గట్ల మీద తవుడు బస్తాలు, నీచు వాసన. నిన్న రాత్రి తిన్న మొలకలు ఎప్పుడో అరిగిపోయి వేంకటాచలం కడుపు కాలుతోంది. ఆ ఆకలంటే ఆయనకి గౌరవం. దాన్ని జాగ్రత్తగా మోసుకెళ్ళి ఒకరి గుమ్మంలో అప్పజెప్పడమే తన వృత్తి అని ఆయన నమ్మకం.

ఆ ఇంటాయన రిటైరైన హెడ్మాస్టరు. తల్లి తద్దినం. వేంకటాచలం నాలుగు ముద్దలతో సరిపెట్టుకోవాలని గట్టిగానే అనుకుని కూర్చున్నాడు. కానీ నెయ్యి వాసన తగిలేసరికి రెండు రోజుల నుంచి గడ్డి తిన్న నాలుక ఊరుకోలేదు. చేమదుంపల కూర, అల్లం పచ్చడి, ముద్దపప్పు, గారెలు, పరమాన్నం. చాలు అన్నట్టు చెయ్యి ఊపినప్పుడల్లా ఆ హెడ్మాస్టరు రెండు చేతులూ జోడించి, పాఠం రాని పిల్లాడిలా బిక్కమొహం పెట్టాడు. డాక్టరు చెప్పిన రెండింతలూ అయ్యింది.

ఏలూరు చేరి, సంధ్య వార్చుకుందామని వంగినప్పుడు గడ్డ లేచింది. ఈసారి నిమ్మకాయ కాదు, బత్తాయి. వేంకటాచలం పెరట్లో చాప మీద వెల్లకిలా పడుకుని నొక్కాడు. వెళ్ళలేదు. మోకాళ్ళు ముడిచి, ఊపిరి బిగబట్టి నొక్కాడు. వెళ్ళలేదు. చెమట కణతల మీంచి చెవుల్లోకి కారుతోంది. సుబ్బలక్ష్మి పక్కన కూర్చుని ఏం చెయ్యాలో తెలియక విసనకర్రతో విసురుతూ ఉంది. గంటకి పైగా అయ్యాక ఎప్పుడో, గుడగుడమని కాస్త కాస్తగా పోయింది.

ఆయన ఒకసారి కళ్ళు తుడుచుకున్నాడు. చచ్చిపోతానని భయమేసింది. ఆ మాట పైకే అన్నాడు. “భయమేసిందే సుబ్బులూ.”

మర్నాడు పొద్దున్నే మణిదీప్‌కి ఫోను చేశాడు. ఈ జిల్లాలో సగం తద్దినాలు చేయించే పురోహితుడు మణిదీప్. ముప్పై ఏళ్ళుంటాయి. మోటారు సైకిలు మీద దర్భలకట్ట పెట్టుకుని తిరుగుతుంటాడు.

“చవితినాడు గూడెం నేను రాలేనురా. ఇంకొకర్ని చూసుకో.”

“బాబాయిగారూ, పక్షాల్లో మనిషిని ఎక్కణ్ణించి తెమ్మంటారండీ? అయినా ఆ దుర్గాభవానిగారు మిమ్మల్ని తప్ప ఇంకొకర్ని పీట ఎక్కించనంటున్నారు. రెండేళ్ళ బట్టీ మీరే కదండీ.”

“నాలో ఏం చూసిందిరా ఆవిడ?”

“పోయినాయన ఇంచుమించు మీ ఒళ్ళేనటండీ. మీరు తింటుంటే ఆయన తిన్నట్టే ఉంటుందట. ఈ ఒక్కటీ గట్టెక్కించండి, మిగతావి నేను సర్దుకుంటాను.”

వేంకటాచలం కాదనలేకపోయాడు. అది మంచితనమో, మొహమాటమో, తాను లేకపోతే ఎవరి పెద్దలో ఆకలితో తిరిగి వెళతారన్న గర్వమో, ఆయనకే తెలియదు. చవితినాడు పొద్దున్న ప్రసూన స్టీలు డబ్బా ఒకటి సంచిలో పెడుతుంటే చూశాడు. చూసీ ఆ సంచి భుజాన తగిలించుకున్నాడు. ఆయన పతనం అక్కడే జరిగింది, తరవాత రైల్లో కాదు.

ప్యాసింజరు దెందులూరు దాటింది. భీమడోలు దాటింది. పెట్టెలో ఎదురుగా కూరల బుట్టతో ఒక ముసలమ్మ తప్ప దగ్గర్లో ఎవరూ లేరు. వేంకటాచలం కిటికీ వైపు తిరిగి, కండువా ఒళ్ళో పరిచి, డబ్బా మూత తీశాడు. పెసర మొలకలు, పైన శనగలు, అంచున దోసకాయ ముక్కలు. మొదటి పిడికెడు నోట్లో పెట్టుకున్నప్పుడు దవడలు ఆడలేదు. తరవాత ఆడాయి. పూళ్ళ వచ్చేసరికి డబ్బా ఖాళీ అయింది. సీసాలో మజ్జిగ గటగటా తాగి, మూతి తుడుచుకుని, తల తిప్పితే ముసలమ్మ ఆయన మొహంలోకే చూస్తోంది.

“నెమ్మదిగా తినొచ్చుగా బాబూ. ఎవరు లాక్కుంటారు?” అంది.

తాడేపల్లిగూడెంలో దుర్గాభవాని ఇల్లు మార్కెట్ యార్డు వెనక వీధిలో. కొడుకు సాయిరామ్ రైసు మిల్లులో ఎకౌంటెంటు. గుమ్మంలోనే ఎదురొచ్చి నూనె గిన్నె, కొత్త పంచెల చాపు ఇచ్చాడు. “పొద్దుట్నించి ఏమీ పుచ్చుకోకుండా అంత దూరం వచ్చారు. ఆలస్యం కానివ్వనండీ,” అన్నాడు. వేంకటాచలం తల ఊపాడు. తలంటుకుని పోసుకున్న నీళ్ళు ఎండలో కూడా చల్లగా తగిలాయి.

సాయిరామ్ పళ్ళెంలో ఆయన కాళ్ళు కడిగాడు. రెండు చేతులతో పాదాలు పట్టుకుని, మణిదీప్ చెప్పినట్టే చెబుతూ, ఈ కర్మ పూర్తయ్యేదాకా శుచిగా, నియమంతో ఉండమని ప్రార్థించాడు. సరేనని మంత్రంతోనే జవాబు చెప్పాలి. ముప్పై ఏళ్ళుగా నిద్రలో లేపినా చెప్పగల ఆ జవాబు చెప్పేముందు వేంకటాచలం పంచె అంచు సర్దుకున్నాడు. మణిదీప్ ఓరగా చూశాడు. అప్పుడు చెప్పాడు.

దేవతల తరఫున విశ్వేదేవ స్థానంలో నిడదవోలు నుంచి వచ్చిన బక్కపల్చటి భోక్త తూర్పు ముఖంగా కూర్చున్నాడు. ఎక్కడ పెడతాడో దేవుడికే తెలియాలి గానీ ఇరవై గారెలు అవలీలగా తినేస్తాడు. వేంకటాచలానిది పితృస్థానం, ఉత్తరముఖం. పీట మీద మఠం వేసుకోగానే శనగలు కదిలాయి. మొలకలు, మజ్జిగ, దోసకాయ అన్నీ కలిసి లోపల పొంగుతున్నాయి. పొట్ట నిండుకుండలా బిగిసి ఉంది. ప్రసూన చెప్పింది నిజమే, ఒక్క మెతుకు తినాలని లేదు. ఆ నిజమే ఇప్పుడు ఆయన పీకల మీదికొచ్చింది.

కోడలుండగా దుర్గాభవానే స్వయంగా వడ్డిస్తుంది. ఆ ఇంటి పద్ధతి అంతే. డెబ్భైకి దగ్గరపడిన మనిషి, తడి మడిచీరతో, ఒక్కత్తే పొద్దుట్నించి వండింది. సాయిరామ్ వేంకటాచలం బొటనవేలు పట్టుకుని, అన్నానికి తాకించి, ఇది మా నాన్నగారిదని మంత్రపూర్వకంగా అప్పగించాడు. ఇక భోక్త మాట్లాడకూడదు. బాగుందనకూడదు, బాగాలేదనకూడదు, చాలనీ అనకూడదు. సైగ ఒక్కటే.

రెండు గారెలు, కాస్త పప్పన్నం, పరమాన్నం తిన్నాక వేంకటాచలం ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. దుర్గాభవాని అడ్డం పెట్టినా పెట్టింది. చెయ్యి పక్కగా జారవిడిచి, వేలి సందులోంచి ఆకు మీద పడేలా రెండు గారెలు వేసింది.

“మొహమాటపడకండి,” అంది వంగి, చాలా మెల్లగా. “ఆఖరి రెండేళ్ళూ డాక్టర్లు చెప్పారని పుల్కాలు, ఉడకబెట్టిన కాయలు పెట్టానండీ ఆయనకి. ఒళ్ళు తగ్గితే బతుకుతారన్నారు. తగ్గారు. తగ్గి తగ్గి పోయారు. ఒక్కనాడు కూడా ఆకలని అడగలేదు.”

వేంకటాచలం తలెత్తి చూశాడు. ఆవిడ ఆయన్ని చూడడం లేదు. ఆయన నోటిని చూస్తోంది. ఆ చూపు పడ్డాక ఆయన చెయ్యి మళ్ళీ అడ్డం పెట్టలేదు. ఒక గారె. పెరుగులో ముంచి ఇంకొకటి. నువ్వుల ఉండ. మళ్ళీ గారె. ప్రతి ముద్దకీ కడుపులో ఏదో పక్కకి జరిగి చోటిస్తున్నట్టుంది, చోటున్నది మాత్రం ఒక్క దిక్కే. ఎక్కడో చిన్నగా తెగినట్టు అనిపించింది. కొత్త పంచె ముడి కింద గడ్డ లేచింది. ఎడమచేత్తో ఎవరికీ కనబడకుండా నొక్కి చూశాడు. రాయిలా ఉంది.

“తృప్తాః స్థ?” అని అడిగాడు సాయిరామ్. తృప్తి పడ్డారా అని.

“తృప్తాః స్మః,” అన్నాడు వేంకటాచలం. చెమట గడ్డం మీంచి ఆకులోకి కారింది.

అసలు గండం ఆ తరవాత. పిండప్రదానం అయ్యేదాకా భోక్త ఉండాలి. భోక్త కక్కుకున్నాడంటే ఆ శ్రాద్ధం చెడినట్టే, మళ్ళీ మొదటి నుంచి పెట్టుకోవాలి. అంతకంటే అశుభం ఆ ఇంటికి లేదు. డోకు గొంతుదాకా వచ్చింది. వేంకటాచలం పళ్ళు బిగించి మింగాడు. నొప్పి బొడ్డు దగ్గర మొదలై వెన్నులోకి పాకుతోంది. మణిదీప్ మంత్రం ఎక్కడిదాకా వచ్చిందో లెక్కపెట్టుకుంటూ, ఇంకా ఇంత ఉంది, ఇంకా ఇంత ఉంది అనుకుంటూ ముప్పావుగంట కూర్చున్నాడు. అక్షతలు పట్టుకుని ఆశీర్వచనం చెప్పాడు. తాంబూలం అందుకున్నాడు. వీధి అరుగు దిగి, కాలవ పక్కన రెండు చేతులూ నేల మీద ఆనించి, అప్పుడు కక్కుకున్నాడు.

నర్సింగ్ హోముకి సాయిరామ్ కారులోనే తీసుకెళ్ళాడు. దుర్గాభవాని ఎవరు చెప్పినా వినకుండా మడిచీరతోనే ఎక్కింది. డాక్టరు గడ్డ మీద వేళ్ళు పెట్టి చూసి, థియేటరు సిద్ధం చెయ్యమని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. ఏలూరు నుంచి సుబ్బలక్ష్మీ ప్రసూనా బయల్దేరారని మణిదీప్ ఫోను చేశాడు. వేంకటాచలం స్ట్రెచరు మీద మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. గడ్డ మీద చర్మం ఎర్రబడి, నల్లబడబోతోంది. సాయిరామ్ ఆయన చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

నర్సు మెర్సీ కాగితం, పెన్ను పట్టుకుని వచ్చింది. “చివరగా ఎప్పుడు, ఏమేం తిన్నారండీ? మత్తు డాక్టరుగారికి చెప్పాలి.”

“పన్నెండున్నరకి మా ఇంట్లో భోజనం. అంతే,” అన్నాడు సాయిరామ్. “అంతకుముందు నిన్న రాత్రి నుంచీ ఏమీ లేదండీ. భోక్తలు తినరు. నియమం.”

మెర్సీ రాసుకుంటోంది. “కరెక్టేనాండీ? పేగు మూసుకుపోయింది కదా, పొద్దున్న తిన్నదున్నా లోపలే ఉంటుంది. ముక్కులోంచి గొట్టం వేసి తోడాలి. గింజల్లాంటివి ఉంటే గొట్టానికి అడ్డుపడతాయి. మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కడండీ.”

“చెప్పాను కదండీ,” అన్నాడు సాయిరామ్.

వేంకటాచలం కళ్ళు మూసుకున్నాడు. ఇప్పుడు ఊరుకుంటే నియమం నిలుస్తుంది. కడుపులో శనగలున్న సంగతి ఆ రైలు ముసలమ్మకి, డబ్బా కట్టిన ప్రసూనకి తప్ప ఎవరికీ తెలియదు.

“శనగలు,” అన్నాడు. “ఉడికించినవి. గిన్నెడు. పెసర మొలకలు, దోసకాయ. మజ్జిగ. పొద్దున్న ఎనిమిదింటికి, రైల్లో. ఆకలి లేకుండా ఉండాలని తిన్నాను. బరువు తగ్గాలన్నారు.”

చెయ్యి పట్టుకున్న సాయిరామ్ వేళ్ళు సడలాయి. “అంటే... కాళ్ళు కడిగినప్పుడే... నాన్నగారికి...”

“నువ్వాగరా,” అంది దుర్గాభవాని. మెర్సీ దగ్గరికి వచ్చింది. “నేను పెట్టినవీ రాసుకో అమ్మా. గారెలు పదకొండు. నువ్వుల ఉండలు మూడు. పరమాన్నం నాలుగు గరిటెలు. అన్నం రెండుసార్లు, నెయ్యి ఐదుసార్లు. అరటికాయ కూర కాస్తే.”

మెర్సీ పెన్ను ఆపి ఆవిడ వంక చూసింది.

“ఆయనకి లెక్కపెట్టి పెట్టేదాన్ని తల్లీ. అలవాటు పోలేదు.”

స్ట్రెచరు కదిలింది. దుర్గాభవాని దాని కడ్డీ పట్టుకుని పక్కనే నడిచింది. ఆవిడ మొహంలో కోపం ఉందో, ఏడుపు ఉందో వేంకటాచలానికి తెలియలేదు. తిడితే బాగుండుననిపించింది.

“ఆకలైతే ఆయన చెప్పలేదు. నిండితే మీరు చెప్పలేదు,” అంది. “గరిటె పట్టుకున్నదాన్ని, నాకెలా తెలుస్తుంది బాబూ? ఇప్పుడేం మంత్రాలూ లేవు, నియమాలూ లేవు. ఇప్పుడైనా నోరు తెరిచి చెప్పండి.”

తలుపు దగ్గర కాంపౌండరు ఆవిణ్ణి ఆగమన్నాడు. వేంకటాచలం పెదవులు తడుపుకున్నాడు.

“చాలమ్మా,” అన్నాడు.

దుర్గాభవాని కడ్డీ వదిలేసింది. తలుపు రెక్కలు రెండూ ఊగి మూసుకున్నాయి. ఆవిడ వెనక్కి తిరిగితే కొడుకు గోడకి ఆనుకుని, రేపు మళ్ళీ పెట్టాలేమో కనుక్కోవడానికి మణిదీప్ నంబరు వెతుకుతున్నాడు.

“ఫోను లోపల పెట్టు,” అంది. “చాలటరా.”

కొడుకు పక్కన బెంచీ మీద కూర్చుంది. తలుపు పైన ఎర్రదీపం వెలిగింది. ఏలూరు నుంచి రావలసిన వాళ్ళు ఇంకా రాలేదు.